బిరుదుల చాటున మల్లుడు: కోడి రామమూర్తి వృత్తిజీవితం – ఒక పరిశీలన

ఆధునిక కాలంలో శరీరబలాన్నే వృత్తిగా చేసుకొని దేశమంతటా పేరు గడించిన తెలుగువారిలో కోడి రామమూర్తి నాయుడు ప్రథమగణ్యుడు. అయితే ఆయనను గురించి తెలుగులో వచ్చిన రచనలు చాలావరకు బిరుదావళులే. కలియుగ భీముడు, మల్లమార్తాండుడు, ఇండియన్ హెర్క్యులెస్ అన్న పేర్లు వరుసగా చెప్పి, వాటి మధ్య రెండు మూడు అద్భుతాలు పొదిగితే జీవితచరిత్ర పూర్తయినట్లే భావించడం పరిపాటి అయింది. సంస్థాన కవుల బిరుదుల విషయంలో మనం ఇంత ఉదారంగా ఉండము. ఎవరిచ్చారు, ఏ సభలో ఇచ్చారు, ఇచ్చినవారికి కలిగిన ప్రయోజనమేమిటి అని అడుగుతాము. ఆ ప్రశ్నలనే ఒక మల్లుడి విషయంలోనూ అడగడం ఈ వ్యాసోద్దేశం.

రామమూర్తి 1880వ దశకంలో వీరఘట్టంలో జన్మించాడు. నాటి గంజాం, విశాఖపట్నం సీమలలో భాగమైన ఆ ప్రాంతం తరువాత శ్రీకాకుళం జిల్లాలో చేరి, నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. చిన్నతనంలోనే తల్లిని కోల్పోయి, విజయనగరంలో పినతండ్రి నారాయణస్వామి ఇంట పెరిగాడు. అక్కడి వ్యాయామశాలలో సాము నేర్చాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, తిరిగివచ్చి విజయనగరం హైస్కూలులో డ్రిల్లు మాస్టరుగా కుదిరాడు. ఈ చివరి అంశాన్ని జీవితకథకులు ఒక్క వాక్యంతో దాటవేస్తారు గాని, నా దృష్టిలో ఇదే కీలకం. ఆయన బలం ఒక వంక సంప్రదాయ సాము నుంచి, మరొక వంక వలస ప్రభుత్వం పాఠశాలలలో ప్రవేశపెట్టిన క్రమశిక్షణ నుంచి రూపుదిద్దుకొంది. ఉత్తర భారతంలో ఆయనను ప్రొఫెసర్ రామమూర్తి అని పిలవడం కేవలం ఆడంబరం కాదు. బలం బోధింపదగిన విద్య అన్న భావన ఆ పిలుపులో ఉంది.

ఆనాటి విజయనగరం హరికథకు ఆదిభట్ల నారాయణదాసును, ఆధునిక కవిత్వానికి గురజాడను ఇచ్చిన ఊరు. తిండికీ, కండకూ, మనిషితనానికీ ముడిపెట్టి గురజాడ దేశభక్తి గేయాన్ని రచించిన కాలమూ, రామమూర్తి ప్రదర్శనలు విస్తరించిన కాలమూ ఇంచుమించు ఒకటే. ఒకరు మరొకరిని ప్రభావితం చేశారని చెప్పడానికి నేను సిద్ధంగా లేను. దేశానికి దేహం కావాలన్న ఆలోచన ఆ ఊరి గాలిలో ఉన్నదని మాత్రం అనవచ్చు.

డ్రిల్లు మాస్టరు జీతం వదిలి ఆయన సర్కసు కంపెనీ నెలకొల్పాడు. భారతీయుల యాజమాన్యంలో సర్కసు అప్పటికి కొత్త వ్యాపారమే. మహారాష్ట్రకు చెందిన విష్ణుపంత్ ఛత్రే 1880లో తన గ్రేట్ ఇండియన్ సర్కస్ ప్రారంభించాడు. కేరళలోని తలశ్శేరిలో కీలేరి కుంజికణ్ణన్ 1901లో సర్కసు శిక్షణాలయం తెరిచాడు. ఈ రంగంలో అడుగుపెట్టిన తెలుగువాడు గుడారాలు, జంతువులు, ఆటగాళ్ల జీతాలు, రైలు ప్రయాణాలు, ఊరూరా అనుమతులు అన్నీ చూసుకోవలసిన యజమాని కూడా. బిరుదావళిలో ఈ యజమానికి చోటు లేదు. సర్కసు రాకతో మల్లవిద్యకు పోషకులు మారారన్నది గుర్తించవలసిన విషయం. కృష్ణదేవరాయలు ఉదయవేళ నూనె సేవించి, కసరత్తు చేసి, తన మల్లులలో ఒకరితో కుస్తీ పట్టేవాడని పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాశాడు. ఆ మల్లునికి అన్నం పెట్టింది కోట. రామమూర్తికి అన్నం పెట్టింది టిక్కెట్టు కొన్న జనం.

జనం చూసిందేమిటి? ఛాతీకి బిగించిన గొలుసును ఊపిరి పూరించి తెంచడం, భుజాలకు గొలుసులు కట్టుకొని మోటారు కారును కదలనీయకుండా నిలపడం, ఛాతీపై పలక పరచి ఏనుగును నడిపించడం. వీటిలో చివరిది అన్నిటికంటె ప్రసిద్ధం. ఇటువంటి ప్రదర్శనలో పలక బరువును పంచుతుంది, శ్వాసను బంధించిన ఛాతీ పీపావలె బిగుసుకొంటుంది, ఏనుగు ఆగక సాగిపోవాలి. మావటివాడు ఒక్క క్షణం తడబడితే పక్కటెముకలు మిగలవు. ఇలా వివరిస్తే మహిమ తగ్గుతుందని కొందరు భావిస్తారు. నాకు మాత్రం ప్రాణాయామంతో, లెక్కతో, తోటి పనివారిపై నమ్మకంతో రోజూ చేసిన ఈ పని దైవదత్తమైన బలం కంటె గొప్పదిగా కనిపిస్తుంది. ఆయన శాకాహారి కావడం కూడా నాటి ప్రేక్షకులకు ఒక వాదంగా ఉపయోగపడింది. మాంసాహారమే ఆంగ్లేయుల బలానికి మూలమన్న ప్రచారానికి అది జవాబు.

ఇక బిరుదులు. జర్మన్ బలశాలి యూజిన్ శాండో 1904–05లో భారతదేశంలో పర్యటించి వెళ్లాడు. 1910లో లండనులో గామా, పోలండు మల్లుడు జ్బిస్కోతో తలపడగా రెండున్నర గంటలకు పైగా సాగిన ఆ కుస్తీ తేలకుండా ముగిసింది. గామాది ప్రత్యర్థితో పోరు. రామమూర్తిది ప్రధానంగా బలప్రదర్శన. ఈ భేదాన్ని మన రచనలు చెరిపివేశాయి. పుణెలో తిలక్ ఆదరించి మల్లమార్తాండ బిరుదు నిచ్చారనీ, లండనులో ఐదవ జార్జి ఇండియన్ హెర్క్యులెస్ అన్నారనీ జీవితకథనాలు చెబుతాయి. ఒకే దేహాన్ని జాతీయవాద నాయకుడూ, సామ్రాజ్యాధిపతీ చెరొక పేరుతో తమ వైపు తిప్పుకొన్నారన్నమాట. తిలక్‌కు అది స్వరాజ్యార్హతకు నిదర్శనం, రాజుకు తన రాజ్యంలోని ఒక వింత.

తెలుగువారు నిలుపుకొన్న పేరు కలియుగ భీముడు. ఈ పేరు వినగానే గదాధారి అయిన కురుక్షేత్ర భీముడు మనసులో మెదులుతాడు. పోలిక సరిపోయేది అక్కడ కాదు, విరాటపర్వంలో. భీముడు వలలుడన్న మారుపేరుతో వంటశాలలో కొలువు చేస్తూ, రాజు వినోదానికి జీమూతుడనే మల్లునితో తలపడ్డాడు. అంతఃపుర స్త్రీలు చూస్తుండగా మృగాలతో పోరాడాడు. బలవంతుడు కొలువుకు లోబడి, తన అసలు పేరు దాచుకొని, పరుల వేడుక కోసం దేహాన్ని పణంగా పెట్టడం ఆ ఘట్టంలోని విషాదం. ద్రౌపది ఆ మృగయుద్ధాలను చూసి తల్లడిల్లడంలో మర్మం అదే. రామమూర్తికి భీమనామం ఇచ్చినవారు వలలుణ్ణి మరిచారు.

ఈ పోలిక ఒక్క మన కథకే పరిమితం కాదు. వలసపాలనలోని కొరియాలో 1924లో పుట్టిన కిమ్ సిన్‌రాక్ జపాను చేరి, సుమో ఆడి, 1951లో వృత్తికుస్తీలో ప్రవేశించి రికిడోజాన్‌గా ఆ దేశపు ఆరాధ్యవీరుడయ్యాడు. యుద్ధంలో ఓడిన జపాను, అమెరికన్ మల్లులను పడగొట్టే ఆయనలో తన పరువును చూసుకొంది. అందుకు వెలగా ఆయన తన కొరియా పుట్టుకను మరుగుపరచవలసి వచ్చింది. ఆయన శిష్యుడు కిమ్ ఇల్ 1958లో జపాను వెళ్లి, ఓకి కింతారో అన్న పేరుతో తలతో ఢీకొట్టే పట్టుకు ప్రసిద్ధుడయ్యాడు. 1967లో సియోల్‌లో మార్క్ లెవిన్‌ను ఓడించి సొంత పేరుతో సొంత జనం ముందు ప్రపంచ విజేతగా నిలిచాడు. గురువుకు దక్కనిది శిష్యునికి దక్కింది. కాని ఎన్నో ఏళ్లు ఢీకొట్టిన ఆ తల ఆయనను వదలలేదు. చివరి సంవత్సరాలు అనారోగ్యంతో ఆసుపత్రిలో గడిపి 2006 అక్టోబరులో మరణించాడు.

రామమూర్తి చివరి దశను మన రచనలు తొందరగా దాటిపోతాయి. కాలికి సోకిన వ్రణం ముదిరి కాలు తీసివేయవలసి వచ్చింది. ఆ శస్త్రచికిత్సను కూడా మత్తుమందు లేకుండా భరించిన వీరగాథగానే చెబుతారు తప్ప, కాలు లేని సర్కసు యజమాని ఎలా బతికాడన్నది ఎవరికీ పట్టలేదు. నాగోలు నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు సాగే దారిలో జిమ్‌ల పేరుపలకలపై పరదేశపు కండలు మెరుస్తుంటాయి. వాటి కింద కసరత్తు చేసే పిల్లలకు రామమూర్తి పేరు చెబితే, తెలిసినవారు మొదట తలచేది ఏనుగునే.

ఆయన 1942 జనవరిలో బలంగీర్‌లో మరణించాడు. ఒడిశాలోని ఆ పట్టణం అప్పట్లో పట్నా సంస్థానానికి రాజధాని. టిక్కెట్టు కొన్న వేల జనంపై ఆధారపడి గుడారం నడిపిన మల్లునికి, గుడారం చుట్టుకుపోయిన తరువాత మిగిలినది మళ్లీ ఒక రాజు ఆశ్రయమే.