పువ్వుకు కన్నం వేసినవాళ్లు

మా ప్రహరీ పక్కన టెకోమా కింద రాలిన పూలు ఏరి చూస్తే, చాలావాటికి పసుపు గొట్టం అడుగున, తొడిమకు కాస్త పైన సన్నని చీలిక కనబడుతుంది. గాలికి చిరిగింది కాదది. నల్లగా నిగనిగలాడే తుమ్మెద వేసిన కన్నం. పువ్వు ముందు వాకిలి తెరిచే ఉంచింది. ఆ దారిన లోపలికి వెళ్తే ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది, మరో పువ్వుకు చేరుతుంది. మకరందం ఆ పనికి కూలి. తుమ్మెద మాత్రం వెనక గోడకు కన్నం పెట్టి, కూలి పుచ్చుకుని, పని చేయకుండా ఎగిరిపోతుంది.

ఈ దొంగతనాన్ని శ్రద్ధగా చూసి రాసిపెట్టిన తొలివారిలో ఒకరు క్రిస్టియన్ కొన్రాడ్ ష్ప్రెంగెల్. బెర్లిన్ పక్కన స్పాండావులో బడికి పెద్ద. 1787లో ఆయన ఒక అడవి జెరేనియం పువ్వును పట్టి చూస్తే రేకుల అడుగున మెత్తని నూగు కనిపించింది. వాన చినుకు మకరందంలో కలవకుండా ఆ నూగు అడ్డుపడుతోందని తోచింది. మరి అంత జాగ్రత్తగా ఎవరికోసం దాస్తున్నట్టు? పురుగుల కోసమే అయ్యుండాలి. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని పొలాల గట్ల మీద, తోటల్లో పూల ముందు గంటల తరబడి కూర్చున్నాడు. 400కు పైగా జాతుల పూలను పరిశీలించి 1793లో పుస్తకం అచ్చువేశాడు. పూల రేకుల మీది చారలు పురుగుకు దారి చూపే గుర్తులని చెప్పిందీ, వాకిలి వదిలి కన్నం వేసేవాళ్ల సంగతి రాసిందీ అందులోనే. బడి పనులు పక్కన పెట్టాడన్న ఫిర్యాదులతో మరుసటి ఏడే ఉద్యోగం పోయింది. 1816లో కన్నుమూసేనాటికి ఆ పుస్తకం విలువ తెలిసినవాళ్లు బహు కొద్దిమంది. ఆయన గురించి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

పాతికేళ్ల తర్వాత ఆ పుస్తకం సరైన చేతిలో పడింది. 1841 ఆగస్టులో 32 ఏళ్ల చార్లెస్ డార్విన్ ఒక తోటల పత్రికకు ఉత్తరం రాశాడు. బంబుల్‌బీ అనే బొద్దు తేనెటీగలు పూలకు కన్నాలు వేయడం, ఆ కన్నాలనే మామూలు తేనెటీగలు వాడుకోవడం అందులోని విషయం. ఒక జాతి పనితనం చూసి ఇంకో జాతి నేర్చుకుంటోందా అన్నది ఆయన కుతూహలం. అదే ఏడు నవంబరులో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ చదవమని చెబితే ష్ప్రెంగెల్ పుస్తకం తెప్పించుకున్నాడు. మరచిపోయిన ఆ బడిపంతులి పేరు మళ్లీ నలుగురి నోటా పలికిందంటే అందులో డార్విన్ పాత్ర పెద్దది.

దొంగలందరూ ఒకటి కాదని 1980లో డేవిడ్ ఇనోయే అనే అమెరికన్ శాస్త్రవేత్త పేర్లు విడదీశాడు. కన్నం వేస్తే దోపిడీ. తెరిచిన వాకిట్లోంచే వెళ్లి, పుప్పొడికి తగలకుండా తాగి వస్తే దొంగతనం. ఎవరో వేసిన కన్నంలోంచి తాగేది రెండో వరస దోపిడీ.

నష్టం ఎంత? కొలరాడో కొండల్లో ఎర్రటి గొట్టం పూలు పూసే ఒక మొక్క మీద రెబెక్కా ఇర్విన్, ఆలిసన్ బ్రాడీ అనే పరిశోధకులు లెక్కగట్టారు. పూలలో 80 శాతానికి మించి కన్నాలు పడితే విత్తనాలు దాదాపు సగానికి పడిపోయాయి. దానికి పరాగం మోసే హమ్మింగ్‌బర్డ్ అనే పిట్ట దోచిన పూల జోలికి అంతగా రాదు. అన్నిచోట్లా ఇలాగే ఉండదు. కొన్ని మొక్కలకు నష్టమే లేదు. కొన్నింటికి మేలు కూడా జరుగుతుంది. పూలు ఖాళీగా ఉంటే పరాగం మోసేవి కడుపు నింపుకోవడానికి దూరపు మొక్కల దాకా పోవాల్సి వస్తుంది కదా.

టెకోమా దగ్గర దొంగ అయిన తుమ్మెదే మన ఊళ్లలో జిల్లేడుకు ముఖ్యమైన చుట్టం. జిల్లేడు పుప్పొడి పొడిగా ఉండదు, చిన్న చిన్న మూటలుగా ఉంటుంది. ఆ మూటను కాలికి తగిలించుకుని లాక్కుపోవాలంటే ఒంట్లో బలం కావాలి. అందుకే ఒక్క పువ్వు దగ్గర చూసి తుమ్మెదకు దొంగ అని పేరు పెట్టేయడం నాకు సరిగా తోచదు.

అమెరికాలోని యూటా ఎడారిలో పెరిగే అడవి పొగాకుది ఇంకా చిక్కు కథ. దాని పూలు పొద్దుగూకాక విచ్చుకుని వాసన చిమ్ముతాయి. ఆ వాసనకు హాక్‌మాత్ అనే, రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుక లాంటి పురుగు వస్తుంది, మకరందం తాగుతుంది, పరాగం మోస్తుంది. పోతూ పోతూ ఆకు మీద గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలోంచి వచ్చిన గొంగళిపురుగులు మొక్కను మేసేస్తాయి. చుట్టమూ అదే, చీడకు తల్లీ అదే.

పొగాకు ఆకులోని నికోటిన్ అనే విషం ఆ గొంగళిపురుగుల మీద అంతగా పనిచేయదు. జర్మనీలో యేనా నగరంలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన డానీ కెస్లర్, ఇయాన్ బాల్డ్‌విన్ బృందం 2010లో మరో సంగతి బయటపెట్టింది. గొంగళిపురుగు ఆకు కొరికినప్పుడు దాని నోటి ఊట ఆకు గాయంలో కలుస్తుంది. మొక్కకు అదే కబురు. కొన్నాళ్లకు కొత్తగా వచ్చే పూలలో కొన్ని సాయంత్రానికి బదులు తెల్లవారాక విచ్చుకుంటాయి. వాటికి ఆ వాసన దాదాపు ఉండదు, మకరందంలో తీపి కూడా తక్కువే. పొద్దున్నే హమ్మింగ్‌బర్డ్‌లు వాటి దగ్గరకు వస్తాయి. అవి ఆకుల మీద గుడ్లు పెట్టవు. మిగిలిన పూలు మాత్రం చీకటి పడగానే ఎప్పటిలాగే వాసన చిమ్ముతూ హాక్‌మాత్ కోసం తెరుచుకుంటాయి.