కొల్లేటి సీమ బడులలో ఆలోచనకు పదునుపెట్టే బోధనాభ్యసన సామగ్రి

(ప్రత్యేక వ్యాసం)

ప్రాథమిక పాఠశాలలో బోధనాభ్యసన సామగ్రి అనగానే గోడకు వేలాడే రంగుల చార్టు, థర్మోకోల్ నమూనా మనసులో మెదలడం సహజం. వాటిని చూసి విద్యార్థి పేర్లు అప్పజెప్పగలడు. అయితే పోల్చడం, వర్గీకరించడం, అంచనా వేయడం, కారణం వెదకడం, చెప్పినదానికి ఆధారం చూపడం అనే ఆలోచనా నైపుణ్యాలు కేవలం చూపుతో అలవడేవి కావు. చేతిలోకి తీసుకొని, విద్యార్థి తానుగా ఏదో ఒకటి తేల్చవలసిన అవసరం కల్పించే సామగ్రి అందుకు కావాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరాలలో అటువంటి సామగ్రికి ముడిసరుకు పుష్కలంగా ఉంది. ఖర్చు కూడా స్వల్పం.

పాత్రికేయుల సౌకర్యార్థం ఒక వివరణ. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఏలూరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. అంతకుముందు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు, మండవల్లి తదితర కొల్లేటి మండలాలు అందులో చేరాయి. తాడేపల్లిగూడెం మాత్రం భీమవరం కేంద్రంగా గల పశ్చిమ గోదావరి జిల్లాలోనే కొనసాగుతున్నది.

స్థానిక పరిసరాలను పాఠంగా మలచుకోవాలన్న ఆలోచన ఈ రాష్ట్రానికి కొత్త కాదు. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1980 దశకం మధ్యలో ప్రారంభమై 1996 వరకు నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు బోధనా సూత్రాలను ఉపాధ్యాయుల ముందుంచింది. చేసి నేర్చుకోవడం, వ్యక్తిగత భేదాలను గుర్తించడం, స్థానిక పరిసరాల వినియోగం వాటిలో ఉన్నాయి. ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతులను నడిపే చిన్న బడుల కోసం మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం రూపొందించిన అభ్యసన కార్డుల పద్ధతి ఇతర రాష్ట్రాలకు సైతం విస్తరించింది. 2001లో మొదలైన సర్వశిక్షా అభియాన్ కింద సామగ్రి తయారీకి ఒక్కొక్క ఉపాధ్యాయునికి ఏటా రూ.500 మంజూరు చేసేవారు. ఆ రోజులలో మండల స్థాయి మేళాలు కళకళలాడాయి. మేళా ముగిసిన మరునాడు ఆ సామగ్రిలో చాలా భాగం బీరువాలకు చేరిందనేది కూడా విద్యాశాఖ వారందరూ ఎరిగిన సంగతే.

ఆ సంగతిని ఇప్పుడు తేలికగా తీసుకోరాదు. కోవిడ్ కాలంలో బడులు మూతపడిన తరువాత వెలువడిన 'అసర్' 2022 నివేదిక ప్రకారం దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రాంతాలలో 3వ తరగతి విద్యార్థులలో 2వ తరగతి పాఠం చదవగలిగినవారు 20.5 శాతం మాత్రమే. 2018లో అది 27.3 శాతం. 2021 జూలైలో ప్రారంభమైన 'నిపుణ్ భారత్' కార్యక్రమం పునాది అక్షరాస్యత, సంఖ్యా జ్ఞానాల సాధనకు 2026-27ను గడువుగా నిర్దేశించింది. 3 నుండి 8 ఏళ్ల పిల్లల కోసం 2023 ఫిబ్రవరిలో 'జాదూయీ పిటారా' పేరుతో ఆటవస్తువులు, బొమ్మలు, కార్డులతో కూడిన పెట్టె జాతీయ స్థాయిలో విడుదలైంది. ఆ పెట్టె మంచిదే. కానీ ఢిల్లీలో తయారైన పెట్టెలో కొల్లేరు ఉండదు.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పరచుకున్న మంచినీటి సరస్సు. 1999లో +5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లను తొలగించారు. +5, +3 అనే మాటలు లంక గ్రామాల పిల్లలకు ఇంట్లో నిత్యం వినిపించేవే. సముద్రమట్టం నుండి అడుగులలో కొలిచే ఎత్తు అది అని ఎంతమందికి తెలుసు? గ్రామ రేవులో పెద్దల సాయంతో ఒక వెదురు కొలబద్ద నాటించి, గట్టు మీద నుండే వారానికొకసారి మట్టం చూసి, తరగతిలో గళ్ల కాగితంపై గుర్తిస్తే చాలు. (పిల్లలను నీటిలోకి దింపరాదన్నది ఇక్కడ మొదటి నియమం.) ఒక వారం ఊరిలో చినుకు పడకపోయినా మట్టం పెరిగిందనుకుందాం. ఎందుకు? ఉపాధ్యాయుడు వెంటనే జవాబు చెప్పకూడదు. ఏలూరును ఒరుసుకుంటూ వచ్చే తమ్మిలేరు, విజయవాడ వైపు నుండి వచ్చే బుడమేరు పటంలో కనిపించే వరకు పిల్లలను వాదించుకోనివ్వాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన బుడమేరు కొల్లేరులోనే కలుస్తుందని తెలిసిన క్షణాన ఆ గీతకు అర్థం వస్తుంది. నీరు చేరే దారులు అనేకం, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే అన్న విషయాన్ని ఇసుక పళ్లెం నమూనాతో 4వ తరగతి విద్యార్థి కూడా గ్రహించగలడు.

ఆటపాక పక్షుల కేంద్రం మరొక గని. గూడబాతు, కొంగ, నీటికాకి, బాతు బొమ్మల కార్డులు ఇచ్చి గుంపులు చేయమనాలి. ఏ ప్రాతిపదికన అన్నది కార్డుపై ముద్రించకూడదు. ఒక పిల్ల ముక్కును బట్టి, మరొకరు కాళ్లను బట్టి, ఇంకొకరు ఈదేవి, ఈదనివి అని విడదీస్తారు. ముగ్గురిదీ సరైనదే కావచ్చు. కారణం చెప్పగలగడమే పరీక్ష. మావు, వల నమూనాలతో ఏ చేప దేనికి చిక్కుతుంది, ఎందుకు చిక్కుతుంది అన్న చర్చ పెడితే మత్స్యకార కుటుంబాల పిల్లలే తరగతికి గురువులవుతారు.

తాడేపల్లిగూడెం పేరు చెబితే ఉల్లి మార్కెట్ గుర్తుకొస్తుంది. చిన్న ఉల్లిపాయలు, పెద్ద ఉల్లిపాయలు, ఒక తక్కెడ ఉంటే 2వ తరగతికి ఒక వారం పాఠం సిద్ధం. కిలోకు ఎన్ని తూగుతాయో ముందు అంచనా రాసి, తరువాత తూచాలి. లెక్కకు ఎక్కువైనవి బరువుకు ఎక్కువ కానక్కరలేదని పిల్లలు తామే కనుగొంటారు. పై తరగతులకు ఇంకొక చిక్కు: కిలో రూ.20 చొప్పున కొన్న 50 కిలోల బస్తాలో 10 కిలోలు కుళ్లిపోతే మిగిలినది ఎంతకు అమ్మాలి? రూ.25కు అమ్మితేనే అసలు దక్కుతుంది. కూలీ, రవాణా సంగతి ఏమిటని ఎవరైనా అడిగితే పాఠం ఫలించినట్టే.

ఏలూరు తివాచీలు ప్రసిద్ధం. గళ్ల కాగితంపై సగం నమూనా ఇచ్చి మిగతా సగం పూర్తి చేయించడం సౌష్ఠవం నేర్పడానికి అనువైన మార్గం.

తనిఖీ అధికారులకు ఒక సూచన. బడిలో ఎన్ని వస్తువులున్నాయని లెక్కించడం సులభమే. ఒక కార్డు తీసి విద్యార్థి చేతికిచ్చి, దీనితో ఏమి తేల్చావు, ఎలా తేల్చావు అని అడిగితే అసలు స్థితి బయటపడుతుంది. అంచులు నలిగిన, మరకలు పడిన సామగ్రి కనిపిస్తే మందలించరాదు. అది వాడుకలో ఉందని అర్థం.

నిల్వ విషయంలో మాత్రం లంక గ్రామాలకు ప్రత్యేక జాగ్రత్త అవసరం. వర్షాకాలపు చెమ్మకు అట్టలు ఉబ్బి, జిగురు వదులుతుంది. కార్డులను ప్లాస్టిక్ తొడుగులలో ఉంచి, మూత ఉన్న డబ్బాలలో నేలకు ఎత్తున, పిల్లలకు అందేంత ఎత్తులోనే అమర్చాలి. తాళం వేయనవసరం లేదు.