గళ్ళలో దాగిన అభిప్రాయం

పత్రికలో అభిప్రాయం ఎక్కడుంటుందని అడిగితే మన సాహిత్య విద్యార్థులు సంపాదకీయాన్ని చూపిస్తారు. కాస్త లోకం తెలిసినవారు కార్టూన్‌ను కూడా చూపిస్తారు. పదబంధ ప్రహేళికను చూపించినవాణ్ణి నేనింతవరకు ఎరగను. అది కాలక్షేపమనీ, మాటలు నేర్చుకునే సాధనమనీ మనవాళ్ళ నమ్మకం. 1970లో విప్లవ రచయితల సంఘానికి తొలి అధ్యక్షుడైన శ్రీశ్రీ ఈ గళ్ళు కట్టాడు, ఆరుద్రా కట్టాడు. అయినా వాటిని వారి సాహిత్యం లెక్కలో వేసుకోడానికి మన విమర్శకులకు నామోషీ.

1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన మొదటి గళ్ళలో ఆధారాలు చాలావరకు సూటి అర్థాలే. మెలిక పెట్టింది ఇంగ్లండువాళ్ళు. 1926 నుంచి అబ్జర్వర్ పత్రికలో పవిస్ మాథర్స్ అనే కవి ‘టార్కెమడా’ అన్న మారుపేరుతో గళ్ళు కట్టాడు. స్పెయిన్ మతవిచారణలో చిత్రహింసలకు పేరుమోసిన అధికారి పేరది. అప్పటినుంచి ఆధారం పైకి ఒకటి చెబుతుంది, లోపల మరొకటి అడుగుతుంది. దండి కావ్యాదర్శంలో పదహారు రకాల ప్రహేళికలు చదువుకున్న మనకు ఇది వింత కాదు. వింతల్లా ఈ మెలిక వెనక స్థిరపడ్డ అలవాట్లు. ఇంగ్లీషు గళ్ళలో ‘కార్మికుడు’ అని ఆధారం కనిపిస్తే చేయి తిరిగినవాడు చీమ అనో తేనెటీగ అనో రాసేస్తాడు. వందేళ్ళుగా ఎవరికీ అది అభిప్రాయంగా తోచలేదు!

మన గడిలో పట్టేది ఇంగ్లీషు అక్షరం లాంటిది కాదు. గుణింతంతో, ఒత్తుతో సహా పూర్తి అక్షరం. కాబట్టి అక్షరాల్ని కలగాపులగం చేయడానికి వీలు తక్కువ, మాటను వెనకనుంచి చదివించడానికే ఎక్కువ. అందుకు వాడే భాష చూడండి: తిరగబడింది, చీలింది, తల పోయింది, అటునుంచి ఇటు వచ్చింది. ఇది మన రాజకీయ వార్తల భాష కాదూ?

ఆ సంగతి నాకు తెలియజెప్పింది ఒక పదో తరగతి అమ్మాయి. కందుకూరులో మా బడి గోడపత్రిక కోసం నేనొక ప్రహేళిక కట్టాను. అందులో ఒక ఆధారం: ‘తిరగబడిన కలం చేరిన రావణ రాజ్యం’. రెండక్షరాలు. కలం వెనకనుంచి చదివితే లంక. కుదిరిందని మురిసిపోయాను. ఆ అమ్మాయి జవాబు రాసి, “లంక తిరగబడితే కదా సార్ కలం అయ్యేది?” అంది. నిజమే. అక్షరాలు అవే, గళ్ళు అవే. నా ఆధారం మాత్రం తిరగబడ్డ కలాన్ని రాక్షస రాజ్యానికి పంపింది. నేనలా అనుకోలేదు, కాని అన్నాను. సంపాదకీయంతో విభేదిస్తూనే దాన్ని చివరిదాకా చదవొచ్చు. గడి నిండాలంటే మాత్రం, క్షణమైనా సరే, కట్టినవాడి దారిన ఆలోచించక తప్పదు.

డబ్బు పోటీల రోజుల్లో ఈ అధికారం మరీ పచ్చిగా ఉండేది. ఒకే గడిలో రెండు మాటలు పట్టేవి, రెండూ అర్థానికి సరిపోయేవి. ఏది ‘సరైనదో’ నిర్వాహకుల దగ్గర ముందే సీలు వేసి ఉంచిన జవాబు చెప్పేది. 1955 చట్టం అలాంటి పోటీల బహుమతుల మొత్తాన్ని నెలకు 1000 రూపాయలకు కట్టడి చేసింది. నేర్పు కన్నా అదృష్టం మీద నడిచేది జూదమేనని 1957లో సుప్రీంకోర్టు తేల్చింది.

రెండు జవాబులనూ ఒప్పుకున్న గళ్ళు కూడా ఉన్నాయి. 1996 నవంబరు 5న, అమెరికా అధ్యక్ష ఎన్నికల రోజున, న్యూయార్క్ టైమ్స్ ‘రేపటి ప్రధాన వార్త’ ఏమిటని అడిగింది. ఇంగ్లీషులో క్లింటన్‌కూ, బాబ్ డోల్‌కూ ఏడేసి అక్షరాలే. నిలువు మాటలు కూడా రెండు విధాలా కుదిరాయి. అయినా క్లింటన్ పేరు నింపుకున్న కొందరు పత్రికకు ఫోన్ చేసి, ఫలితం ముందే ఎలా చెబుతారని కోప్పడ్డారట! నింపింది తామేనన్న ధ్యాస లేదు.

మన దేశంలో ఈ విద్యకు అసలైన పరీక్ష వచ్చింది 1975లో, అదీ గళ్ళలో కాదు, చావు ప్రకటనల్లో. అత్యవసర పరిస్థితి విధించిన మూడోనాడు, జూన్ 28న, బొంబాయి టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఎవరో ‘డి. ఇ. ఎం. ఓక్రసీ’ జూన్ 26న చనిపోయినట్టు చిన్న ప్రకటన వచ్చింది. భార్య పేరు ‘టి. రూత్’, కొడుకు ‘ఎల్. ఐ. బర్టీ’. పొడి అక్షరాలు కలుపుకుంటే ప్రజాస్వామ్యం, సత్యం, స్వేచ్ఛ అనే ఇంగ్లీషు మాటలు. సంపాదకీయాల మీద సెన్సారు కన్నుండగా రుసుము కట్టిన నాలుగు వరుసలు దాటిపోయాయి.

ఆ అమ్మాయి ఆధారాన్ని మరుసటి నెల గోడపత్రికలో వేశాం: ‘తిరగబడిన లంక చేతిలో ఆయుధం’. రెండక్షరాలే.