పెట్టెకూ వయసు వస్తుంది



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి పంపమని సంపాదకుల వారు కోరినప్పుడు నేను ఏ కోట గురించో, ఏ రాజవంశం గురించో రాస్తానని వారు అనుకుని ఉండవచ్చు. కానీ ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో సగానికి పైగా స్టోర్సు సెక్షనులోనే గడిపిన గుమాస్తాను నేను. నాకు తెలిసినవి పెట్టెలు, తాళాలు, స్టాకు రిజిస్టర్లు. అందుకని ఒక పెట్టె చరిత్రే రాస్తున్నాను. అయితే ఇది మామూలు పెట్టె కాదు. రేడియోధార్మిక పదార్థాలను ఊరి నుంచి ఊరికి మోసుకుపోయే పెట్టె.

నాకు దీని మీద ఆసక్తి కలగడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. 1991లో మా ఆవిడకు కాన్సర్ వచ్చి, కోబాల్ట్ చికిత్స చేయించవలసి వచ్చింది. యంత్రంలో కోబాల్ట్ పాతబడిందనీ, అందువల్ల ఒక్కొక్కరికి ఎక్కువ సేపు పడుతోందనీ, త్వరలో కొత్తది వస్తుందనీ ఆసుపత్రిలో చెప్పారు. ఒక ఉదయం మేము వెళ్లేసరికి లారీ మీద నుంచి క్రేనుతో ఒక బరువైన ఇనుప పెట్టెను దించుతున్నారు. దాని మీద మూడు రెక్కల గుర్తు ఉంది. మా ఆవిడ ఆ పెట్టె వంక చూసి, "ఏమండీ, అంత దూరం నుంచి వచ్చింది కదా, దారిలో లారీ బోల్తా పడితే ఏమయ్యేది?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. తరువాత పుస్తకాలు వెతికి చదివాను, తెలిసినవారిని అడిగాను. రిటైరయ్యాక తీరిక దొరికి ఇంకా చదివాను. ఆ చదివినదంతా ఈ వ్యాసం.

కోబాల్ట్-60 అనే పదార్థం బలం 5.27 సంవత్సరాలకు సగమవుతుంది. అందుకే కొన్నేళ్లకొకసారి కొత్తది తెచ్చి పెట్టాలి. మన దేశంలో రాజస్థాన్‌లోని రావత్‌భాటా అణువిద్యుత్ కేంద్రంలో దీనిని తయారు చేస్తారు. అక్కడి నుంచి దేశంలోని ఆసుపత్రులన్నిటికీ రోడ్డు మీదనే రావాలి. మన హైదరాబాదులో 1971లో ఏర్పడిన అణు ఇంధన సముదాయానికి కూడా బీహారులోని (నేటి జార్ఖండ్) జాదుగూడా నుంచి యురేనియం ముడిసరుకు పీపాలలో వస్తూ ఉంది. కాబట్టి ఈ పెట్టెల సంగతి మనకు దూరపు సంగతి కాదు.

వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1961లో మొదటిసారిగా రవాణా నియమావళి ప్రకటించింది. ఆ తరువాతి సవరణలలో పరీక్షలన్నీ స్థిరపడ్డాయి. దానిలోని మూల సూత్రం చాలా తెలివైనది. దారిలో ప్రమాదం జరగదని నమ్మవద్దు, డ్రైవరు జాగ్రత్తను నమ్మవద్దు, లారీని నమ్మవద్దు, పెట్టెను మాత్రమే నమ్మగలిగేలా పెట్టెను తయారు చెయ్యి అంటుంది. సరుకు ఎంత ప్రమాదకరమో పెట్టె అంత గట్టిగా ఉండాలి.

తక్కువ ప్రమాదం గల సరుకుకు 'ఏ' రకం పెట్టె సరిపోతుంది. దీనికి మామూలు ప్రయాణంలో వచ్చే కష్టాలే పరీక్ష. గంటకు 5 సెంటీమీటర్ల వర్షం కురిసినట్టు గంటసేపు నీళ్లు చల్లుతారు. 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడేస్తారు. పెట్టె బరువుకు ఐదు రెట్లు బరువు 24 గంటలు మీద పెడతారు. 6 కిలోల ఇనుప కడ్డీని మీటరు ఎత్తు నుంచి దాని మీద వదులుతారు.

ఎక్కువ ప్రమాదం గల సరుకుకు, అంటే ఆసుపత్రి కోబాల్ట్‌కు, అణు రియాక్టర్లలో వాడేసిన ఇంధనానికి, 'బి' రకం పెట్టె కావాలి. దానిని 9 మీటర్ల ఎత్తు నుంచి, ఏమాత్రం వంగని గట్టి నేల మీదికి పడేస్తారు. తరువాత మీటరు ఎత్తు నుంచి నిలబెట్టిన ఉక్కు కడ్డీ మీదికి పడేస్తారు. అలా దెబ్బలు తిన్న అదే పెట్టెను 800 డిగ్రీల మంటలో 30 నిమిషాలు ఉంచుతారు. 15 మీటర్ల లోతు నీటి ఒత్తిడిలో 8 గంటలు నిలవాలి. మరీ ఎక్కువ రేడియోధార్మికత గలదైతే 200 మీటర్ల లోతు నీటి ఒత్తిడికి గంటసేపు తట్టుకోవాలి.

9 మీటర్ల నుంచి పడితే వేగం గంటకు 48 కిలోమీటర్లే కదా, లారీలు అంతకంటే వేగంగా పోవడం లేదా అని ఎవరికైనా సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. అసలు కిటుకు నేలలో ఉంది. రోడ్డు మీద లారీ దేనికి గుద్దుకున్నా ఆ వస్తువు కొంత నలుగుతుంది, లారీ కొంత నలుగుతుంది, దెబ్బ పంచుకుంటాయి. పరీక్షలోని నేల ఏమీ పంచుకోదు. దెబ్బంతా పెట్టే భరించాలి.

అయినా ప్రజలు కాగితం మీది లెక్కలను నమ్మరు. కళ్లతో చూస్తేనే నమ్ముతారు. 1977, 1978 సంవత్సరాలలో అమెరికాలోని శాండియా ప్రయోగశాల వారు సర్వీసు పూర్తయిన పాత పెట్టెలను లారీల మీద కట్టి గంటకు 60, 80 మైళ్ల వేగంతో కాంక్రీటు గోడకు గుద్దించారు. పట్టాల మీద అడ్డంగా నిలిపిన లారీలోని పెట్టెను రైలు ఇంజనుతో ఢీకొట్టించారు. లారీలు తుక్కుతుక్కయ్యాయి గానీ పెట్టెలు నిలిచాయి.

బ్రిటన్‌లో అణువిద్యుత్ కేంద్రాల నుంచి వాడేసిన ఇంధనం లండను మీదుగా రైళ్లలో పోతూ ఉంటే జనం ఆందోళన పడ్డారు. దానికి జవాబుగా 1984 జూలై 17న అక్కడి విద్యుత్ బోర్డు వారు ఓల్డ్ డాల్బీ అనే చోట ఒక పరీక్ష చేశారు. 48 టన్నుల పెట్టెను పట్టాలకు అడ్డంగా ఉంచి, డ్రైవరు లేని ఇంజనును మూడు రైలు పెట్టెలతో సహా గంటకు 100 మైళ్ల వేగంతో దాని మీదికి వదిలారు. టెలివిజనులో దేశమంతా చూసింది. ఇంజను నుజ్జయింది. పెట్టె లోపల 100 పౌండ్ల ఒత్తిడి నింపి ఉంచితే తగ్గినది సుమారు పావు పౌండు మాత్రమే.

విచిత్రమేమంటే, ఆ తరువాత ఆరు వారాలైనా గడవక ముందే సముద్రుడు తన పరీక్ష తాను పెట్టాడు. 1984 ఆగస్టు 25న మోంట్ లూయి అనే ఫ్రెంచి ఓడ బెల్జియం తీరం దగ్గర మరో ఓడతో ఢీకొని మునిగిపోయింది. అందులో 30 సిలిండర్ల నిండా యురేనియం హెక్సాఫ్లోరైడ్ ఉంది. కొద్ది వారాల్లో అన్నిటినీ పైకి తీశారు. చెప్పుకోదగ్గ హాని జరగలేదు.

ఇక్కడితో ఆపితే ఇది విజయగాథ అవుతుంది. కానీ మన వయసు వారికి ఒక ప్రశ్న వెంటనే తట్టాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు మెడికల్ ఫిట్‌నెస్ ఇచ్చారు సరే, నలభై ఏళ్ల తరువాత కూడా అదే సర్టిఫికెట్ చెల్లుతుందా?

పెట్టె ఉక్కుదే కావచ్చు, కానీ మూతకు బిగించిన రబ్బరు రింగు ఉక్కు కాదు. మన ఇళ్లలో కుక్కరు గాస్కెట్ సంగతి తెలిసినదే. ఏళ్ల తరబడి వేడికి, ఒత్తిడికి అది అణిగిపోయి గట్టిపడుతుంది. మూత పెట్టినా ఆవిరి పక్కనుంచి పోతుంది. రేడియోధార్మిక పెట్టె రింగుకు వేడితో పాటు వికిరణం కూడా తగులుతుంది. చలి కూడా రబ్బరుకు శత్రువే. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ పేలిపోయి ఏడుగురు చనిపోయింది చలికి గట్టిపడిన ఇటువంటి రింగు వల్లనే. కొన్ని పెట్టెలకు రెండు కొసలా దెబ్బ కాచుకోవడానికి కలప నింపుతారు. తేమ తగిలితే కలప గుణం మారుతుంది. బోల్టులకు తుప్పు, ఉప్పుగాలికి అతుకుల దగ్గర సన్నని పగుళ్లు, ఇలా ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క ముసలితనం.

మొదట్లో ఇది పెద్ద సమస్య అనిపించలేదు. పెట్టె సరుకు మోసుకుపోతుంది, దించుతుంది, తిరిగి వస్తుంది, మధ్యలో రింగు మార్చవచ్చు. కానీ వాడేసిన ఇంధనాన్ని శాశ్వతంగా దాచే చోటు చాలా దేశాలలో సిద్ధం కాలేదు. దాంతో మోసే పెట్టెలే దాచే పెట్టెలయ్యాయి. జర్మనీలో అలా నిలువ ఉంచడానికి 40 ఏళ్ల గడువు ఇచ్చారు. గోర్లెబెన్ అనే చోట ఆ గడువు 2034తో ముగుస్తుంది. అన్నేళ్లు మూత తీయకుండా కూర్చున్న పెట్టెను మళ్లీ రోడ్డెక్కించాలంటే, అది కొత్త పెట్టెలాగే 9 మీటర్ల దెబ్బకు ఓర్చుకుంటుందా? దీనికి జవాబు వెతకడానికే బెర్లిన్‌లోను, అమెరికాలోను రింగులను వేడి పెట్టెలలో ఉంచి త్వరగా ముసలివాటిని చేసి చూస్తున్నారు. అమెరికాలో 2017లో నార్త్ ఆన్నా కేంద్రంలో ఒక పెట్టెకు లోపల వేడి కొలిచే ఏర్పాట్లు చేసి, ఇంధనం నింపి, గమనిస్తూ వచ్చారు. చివరకు 2018 సవరణలో అంతర్జాతీయ నియమావళి స్పష్టంగా చెప్పింది. పెట్టెను రూపొందించేటప్పుడే దానికి వయసు ఎలా వస్తుందో లెక్క వేసుకోవాలని.

1961 నుంచి 2018 వరకు యాభై ఏడేళ్లు. ఒకప్పటి మన రిటైర్మెంట్ వయసుకు ఒక ఏడాది తక్కువ!

ఇక మన దేశపు సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో కొందరు ఉన్నట్టుండి జబ్బు పడ్డారు. ఒకరు చనిపోయారు. విచారిస్తే, ఒక విశ్వవిద్యాలయంలో 1968లో కొన్న కోబాల్ట్ పరికరం 1985 నుంచి వాడకం లేక మూలన పడి ఉండగా, 2010 ఫిబ్రవరిలో దానిని వేలం వేశారని తేలింది. తుక్కు పనివారు సీసపు తొడుగును విడగొట్టారు. నలభై ఏళ్లలో ఆ కోబాల్ట్ బలం దాదాపు ఎనిమిది సార్లు సగమై, మొదటి దానిలో రమారమి 250వ వంతుకు తగ్గింది. ఆ మిగిలినదే ప్రాణం తీసింది.

ఇక్కడ సీసం చెడలేదు. ఉక్కు చెడలేదు. చెడింది రిజిస్టరు. దాని లోపల ఏముందో తెలిసినవారు వెళ్లిపోయారు, తరువాతి వారికి ఛార్జి అప్పగింతలో అది ఒట్టి పాత సామాను. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎన్ని కండెమ్ జాబితాల మీద నేను "పనికిరాని ఇనుప సామాను, 1" అని రాసి పైకి పంపలేదు! లోపల ఏముందని ఒక్కసారైనా మూత తీయించి చూశానా? నా అదృష్టం, వాటిలో ఇటువంటిది లేదు. అది అదృష్టమే గాని నా గొప్పతనం కాదు.

మనం ఏటేటా జీవన ప్రమాణ పత్రం ఇస్తూ విసుక్కుంటాం, బతికి ఉన్నామని ఎన్నిసార్లు రుజువు చేసుకోవాలని. ఈ 'బి' రకం పెట్టెలకు కూడా అనుమతి పత్రం గడువు తీరితే మళ్లీ తెచ్చుకోవలసిందే. మన దేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఆ అనుమతి ఇస్తుంది. విసుగు పుట్టించే ఆ కాగితమే, పెట్టె ఇంకా ఎవరి లెక్కలోనో ఉందనడానికి సాక్ష్యం.

మన పిల్లలు, మనవలు ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, కాలేజీల్లో పని చేస్తున్నారు. మూడు రెక్కల గుర్తున్న పాత సామాను కనబడితే ముట్టుకోవద్దని, తుక్కుకు వేయవద్దని, వెంటనే పై అధికారులకు, పోలీసులకు తెలియజేయమని వారికి చెప్పండి.

కోబాల్ట్ చికిత్స తరువాత మా ఆవిడ పందొమ్మిదేళ్లు బతికింది. ఆమె అడిగిన ప్రశ్నకు ఇప్పుడైతే జవాబు చెప్పగలను. లారీ బోల్తా పడినా పెట్టె నిలుస్తుంది, భయం లేదు. అది పెట్టె అనే సంగతి మనం మరచిపోనంత కాలం.