మాట వెనుక కథ: ప్రమేయం

‘ఈ గొడవలో నా ప్రమేయం లేదు’ అంటాం. ఇక్కడ ప్రమేయమంటే జోక్యం, సంబంధం. కానీ ఒకప్పుడు ఈ మాట వ్యాసానికి పేరు. 1862లో అచ్చయిన ‘హితసూచని’లోని రచనలను స్వామినేని ముద్దునరసింహం నాయుడు ‘ప్రమేయాలు’ అన్నారు.

సంస్కృతంలో ‘మా’ ధాతువుకు కొలవడమని అర్థం. ‘ప్ర’ చేరితే సరిగ్గా తెలుసుకోవడం. తెలుసుకునే సాధనం ప్రమాణం, దానివల్ల తెలిసేది ప్రమేయం. భారతీయ తత్త్వశాఖల్లో ఒకటైన న్యాయదర్శనం నాలుగు ప్రమాణాలు చెప్పింది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం.

వ్యాసం చదివేవారికి ఇంతకన్నా మంచి పనిముట్లు లేవు. యాత్రాచరిత్రకు బలం ప్రత్యక్షం: రచయిత కళ్లారా చూశాడా, ఎవరో చెబితే రాశాడా? సంపాదకీయం ఎక్కువగా అనుమానం మీద నడుస్తుంది. పొగను చూసి నిప్పుందని తేల్చడమే అనుమానం. అది నిజంగా పొగేనా, మంచా అన్నది మనం చూసుకోవాలి. జీవితచరిత్రలో శబ్దం, అంటే ఆప్తవాక్యం, ఎక్కువ. ఆ చెప్పినవారు నమ్మదగినవారేనా? ఉపమానంతో, అంటే పోలికతో, ఒప్పించబోతే, ఆ రెండూ ఎక్కడ పోలవో వెతకాలి.

రేపటి సంపాదకీయం పక్కన పెన్సిల్ పెట్టుకోండి. ప్రతి వాక్యానికీ ప్రమాణమేదో రాయండి. ఏదీ రాయలేని వాక్యాన్ని అప్పుడే నమ్మకండి.