హాప్స్‌కు తెలుగేమిటి, మాస్టారూ?



కిందటి నెల అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రం నుండి నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. కుశలప్రశ్నలయ్యాక, తన పెరట్లో ఒక తీగ పెంచుతున్నానని చెప్పాడు. పద్ధెనిమిది అడుగుల ఎత్తున కట్టిన తాళ్ల మీదికి అది అల్లుకుపోయిందట. దాని గుత్తులను బీరు తయారీలో వాడతారట. "దీన్ని హాప్స్ అంటారు. తెలుగులో ఏమనాలి, మాస్టారూ?" అని అడిగాడు.

బీరు నేనెరుగను. కానీ ముప్పై యేళ్లకు పైగా తెలుగు చెప్పినవాణ్ణి, మాట అడిగితే ఊరుకోలేను. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఈ టపా చదివి నా మీద ఎవరికైనా అలాంటి అనుమానం కలిగితే కలగనీయండి.

హాప్స్ గంజాయి కుటుంబానికి చెందిన తీగ. అయితే గంజాయికున్న మత్తు దీనికి లేదు. ఇందులో ఆడతీగ వేరు, మగతీగ వేరు. బీరుకు పనికివచ్చేవి ఆడతీగ గుత్తులే. వాటి పొరల మధ్య పసుపుపచ్చని పొడి ఉంటుంది. ఆ పొడిలోని చేదు పదార్థాలను మరిగిస్తే అవి మార్పు చెంది బీరులో కలుస్తాయి. అవి రుచికి చేదునిస్తాయి, పులుపెక్కించే సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతాయి. చేదు కోసమే వాడతారని నేననుకున్నాను. నిలవ కోసం కూడానని తరువాత తెలిసింది.

ఫ్రాన్సులోని కోర్బీ మఠాధిపతి 822లో రాయించిన నియమావళిలో హాప్స్ ప్రస్తావన ఉంది. పన్నెండవ శతాబ్దంలో జర్మనీ సన్న్యాసిని హిల్డెగార్డ్, ఈ తీగ చేదు పానీయాలను చెడిపోకుండా కాపాడుతుందని రాసింది. 1516లో బవేరియా ప్రభువులు బీరులో యవలు, హాప్స్, నీరు తప్ప మరేమీ వేయరాదని శాసించారు. తరువాతి కాలంలో లండన్‌లోని బో ప్రాంతపు హాడ్జ్‌సన్ వంటి తయారీదారులు, హాప్స్ దండిగా వేసిన లేతరంగు బీరును ఈస్టిండియా కంపెనీ ఓడల్లో బెంగాలుకు, మద్రాసుకు పంపేవారు. ఆఫ్రికా కొస చుట్టి వచ్చే నెలల తరబడి ప్రయాణాన్ని ఆ బీరు తట్టుకునేది. 'ఇండియా పేల్ ఏల్' అన్న పేరు అలా వచ్చింది. అది మన దేశం కోసమే కనిపెట్టినదన్న కథ మాత్రం పూర్తిగా నిజం కాదు. అటువంటి బీరు ఇంగ్లండులో ముందే ఉంది.

ఆ కాలానికి ముందు మన తీరానికి వచ్చిన దొరలు ఏం తాగేవారు? 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ మొదట పెదపల్లి రేవుకు, అక్కడి నుండి మచిలీపట్నానికి చేరింది. ఆ పెదపల్లే నేటి నిజాంపట్నం. 1632లో ఒక సైనికుడు ఆ పెదపల్లిలోని కంపెనీ వర్తకుడికి రాసిన ఉత్తరంలో 'పంచ్' అనే పానీయాన్ని పేర్కొన్నాడు. ఇంగ్లీషులో ఆ మాట కనిపించే తొలి ఆధారాలలో దీన్ని ఒకటిగా ఎంచుతారు. సారా, చక్కెర, నిమ్మరసం, నీరు, సుగంధద్రవ్యం కలిసి ఐదు కావడం వల్ల మన 'పంచ' శబ్దమే 'పంచ్' అయిందని చాలామంది చెబుతారు. కాదనేవారూ ఉన్నారు. ఏమైనా మన కృష్ణా డెల్టా రేవు పేరు ఆ మాట చరిత్రలో నిలిచిపోయింది.

ఇక తీగ సంగతి. "విజయవాడలో పెంచవచ్చునా?" అని నేనడిగాను. పెరగదన్నాడు. వసంతంలో దుంపవేరు పాతి, మొలిచిన పిలకల్లో రెండు మూడు మంచివి ఉంచి, తాడుకు సవ్యదిశలో చుట్టాలట. భాద్రపదం నాటికి గుత్తులు కాగితంలా గలగలమన్నప్పుడు కోసి ఆరబెట్టాలట. చలికాలంలో పైతీగ చచ్చిపోయి వేరు మంచులో నిద్రపోతుంది. ఆ నిద్ర లేకపోతే మరుసటేడు సరిగా లేవదు. వేసవిలో పగలు దీర్ఘంగా ఉండాలి. వాడి ఊళ్లో జూన్‌లో పగలు పదిహేనున్నర గంటలు. మన బెజవాడలో అది పదమూడు గంటలు దాటి కొద్ది నిమిషాలే. పైగా మన రోహిణికార్తె ఎండ సంగతి చెప్పనక్కరలేదు. మన దేశంలో పందొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీరులోను, ఆ తరువాత హిమాచల్‌లోని లాహౌల్ లోయలోను దీన్ని పెంచారంటే అక్కడి చలే కారణం.

ఇక్కడ పెరగని తీగకు ఇక్కడ పేరు లేకపోవడం సహజమే. కానీ ఆ తీగ చేసే పనికి మనవాళ్లు ఏం వాడారు? అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి ప్రకరణం తీసి చూశాను. మినుముల పిండి, బియ్యం, మోరట మొదలైన మూలికలు కలిపి 'కిణ్వం' చేయడం కౌటిల్యుడు చెప్పాడు. మద్యాన్ని పులియజేసే ముద్ద అది. 'మైరేయం' అనే మద్యానికి మేషశృంగి పట్ట కషాయం, బెల్లం, పిప్పళ్లు, మిరియాలు చెప్పాడు. మేషశృంగిని మన వైద్యులు సాధారణంగా పొడపత్రిగా గుర్తిస్తారు. దాని ఆకు నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు. ఒక దేశం తీగను, మరో దేశం పట్టను ఎన్నుకున్నాయి. తీపికి విరుగుడు కావాలన్న ఆలోచన మాత్రం ఒక్కటే.

ఇదంతా ఉత్సాహంగా చెబుతూ ఉంటే వాడు వినయంగా అడ్డుతగిలాడు. "అంత దూరం ఎందుకు మాస్టారూ? మా నాన్న కుండకు సున్నం పూసేవాడు కదా!"

నేను ఒక్క క్షణం మాట్లాడలేకపోయాను.

వాడి తండ్రి దివిసీమలో కల్లుగీత కార్మికుడు. తాటిగెలను నొక్కి, కొనను పలచగా చెక్కి, లొట్టి కడితే చుక్క చుక్కగా దిగే నీటిలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. గాలిలోని, లొట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని కొద్ది గంటల్లోనే కల్లు చేస్తాయి. మరునాటికి అది పులిసిపోతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ క్షారగుణం వల్ల పులియడం ఆగుతుంది. అదే నీరా. అది కాస్తే తాటిబెల్లం. హాప్స్ బీరును పులిసిపోకుండా కాపాడుతుంది. సున్నం అసలు పులియడాన్నే ఆపుతుంది. పని సరిగ్గా ఒకటి కాకపోయినా రెండింటి వెనుకా ఉన్న చింత ఒక్కటే: చెడిపోయేదాన్ని నిలబెట్టడం. ఇంకొక పోలిక కూడా వాడే చెప్పాడు. తాటిలో కూడా ఆడ మగ వేరు. కానీ హాప్స్‌లో మాదిరి మగచెట్టు వృథా కాదు, పోతుతాడు కూడా కల్లిస్తుంది.

ఆ వృత్తి చరిత్ర చిన్నది కాదు. 1879లో రంప ప్రాంతంలో లేచిన తిరుగుబాటుకు కల్లు మీద వేసిన 'చిగురుపన్ను' ఒక ముఖ్యకారణం. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం మద్యనిషేధం విషయంలోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నిషేధంతో జీవిక పోయిన గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్నగారు నిలిచారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు వ్యతిరేకంగా లేచారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. ఆ స్త్రీల కన్నీళ్లు నిజం. చెట్టెక్కి జారిపడి నడుము విరిగిన గీత కార్మికుడి కష్టమూ నిజం. ఈ రెండు నిజాలలో ఒకటి చెప్పి రెండవది దాచకూడదని నా అభిప్రాయం.

అయితే నేనొకటి దాచాను. ఇప్పుడు చెప్పాలి.

ఈ విద్యార్థి తొమ్మిదవ తరగతిలో ఉండగా 'మా నాన్నగారి వృత్తి' అని వ్యాసం రాయమన్నాను. వీడు రెండు పుటలు రాశాడు. మోకు, లొట్టి, గెల, పోతుతాడు, ముంత వంటి మాటలు అందులో నిండుగా ఉన్నాయి. నేను ఎర్రసిరాతో 'కల్లు' కొట్టేసి 'మద్యము' అని, 'లొట్టి' కొట్టేసి 'భాండము' అని దిద్దాను. 'గ్రామ్యపదములు వర్జింపుము' అని అడుగున రాశాను. 'కల్లు' పలు ద్రవిడభాషలలో ఉన్న ప్రాచీనపదమని నాకు తెలుసు. 'తాడు' శబ్దానికి 'తాటి' ఔపవిభక్తిక రూపమని ఆ తరగతిలోనే పాఠం చెప్పాను. ఆ చెట్టెక్కేవాడి కొడుకు రాసిన మాటలను మాత్రం ఎర్రసిరాతో చంపాను. ఆ తరువాత వాడు తన ఇంటి గురించి ఏ వ్యాసంలోనూ రాయలేదు.

"ఆ కాగితం ఉందా నాయనా?" అని అడిగాను. "లేదు మాస్టారూ" అని నవ్వాడు. క్షమించమన్నాను. "అయ్యో, ఎంత మాట!" అన్నాడు. నాకు మాత్రం మనసు తేలిక పడలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వెలువరించారు. రైతు నోటి మాటను గుర్తుపట్టి అచ్చువేయడం పాండిత్యమేనని ఆ గ్రంథం చూపింది. అది అచ్చయిన ఎన్నో ఏళ్లకు కూడా నేను తరగతిలో ఎర్రసిరా కలం పట్టుకునే ఉన్నాను.

హాప్స్‌కు 'చేదుగుత్తి' అందామా అని వాడూ నేనూ కాసేపు తర్జనభర్జన పడ్డాం. చివరికి హాప్స్ అనే ఉంచాం. కాఫీ, టీ తెలుగైనట్లే అదీ అవుతుంది. తీగతో పాటు వచ్చిన పేరును మార్చనక్కరలేదు. ఉన్న పేర్లను పోగొట్టుకోకపోతే చాలు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం వాడు ఫోన్ చేస్తున్నాడు. తండ్రి లేడు, తల్లి ఊళ్లోనే ఉంది. ఆమెను అడిగి ఒక్కొక్క మాట చెబుతున్నాడు, నేను రాసుకుంటున్నాను. ఇప్పటికి నలభై ఒక్క మాటలయ్యాయి. మీ ఊళ్లో మోకు కట్టే తీరుకు, గెల గీసే కత్తికి, పులిసిన కల్లుకు ఏ మాటలున్నాయో కింద రాయండి. ఏ మాటనూ దిద్దను.