కోడి కూతా? కాకి గోలా?

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధిన నడుస్తుండగా, ఒక అంగడి అరుగుమీద కూర్చున్న పెద్దాయన తన పక్కవానితో అన్న మాట చెవిన పడింది: "ఊర్లో యాడ జూసినా ఇదే టాకబ్బా!" దేన్ని గురించి అన్నాడో నాకు తెలియదు. ఏ పెళ్ళి సంగతో, బంగారం ధర సంగతో, ఎన్నికల సంగతో అయి ఉంటుంది. నన్ను పట్టుకున్నది ఆ 'టాకబ్బా'. ఇంగ్లీషు మాటకు సీమ 'అబ్బా' అంటుగట్టినట్టుగా అతుక్కుపోయింది. జొన్నరొట్టె అన్నంత సులువుగా అన్నాడు.

ఆయన మాట వెనుక ఉన్న ఆంగ్ల పలుకుబడి మనందరికీ తెలిసినదే: 'టాక్ ఆఫ్ ది టౌన్'. మన పత్రికలవారికి, ముఖ్యంగా సినిమా పుటల వారికి, ఇది ఎంతో ప్రియమైన మాట. ఇంగ్లీషువారు దీన్ని వాడే తీరును కాస్త పరికించి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. ఫలానావానిని గురించి ఊరంతా మాట్లాడుతున్నది అనరు. ఫలానావాడే ఊరి మాట అయినాడంటారు. మనిషే మాటగా మారిపోతాడు. ఆ మాట మెచ్చుకోలు కావచ్చు, నిందా కావచ్చు. కొత్తగా తెరిచిన హోటలు టాక్ ఆఫ్ ది టౌనే, లేచిపోయిన జంటా టాక్ ఆఫ్ ది టౌనే. పలుకుబడి మాత్రం తటస్థంగా ఉంటుంది.

ఇక 'టౌన్' సంగతి. పాత ఇంగ్లీషులో ఈ మాటకు కంచె కట్టిన ఆవరణ అని అర్థం. జర్మను భాషలో దీని చుట్టమైన మాటకు నేటికీ కంచె అనే అర్థం. కంచె పెరిగి పల్లె అయింది, పల్లె పెరిగి పట్టణం అయింది. పదునేడు, పద్దెనిమిదో శతాబ్దాల లండనువారికి 'ది టౌన్' అంటే లండను ఒక్కటే. అందులోనూ నాటకశాలలకూ కాఫీ అంగళ్ళకూ తిరిగే తీరిక జనం మాత్రమే. 1715లో రిచర్డ్ స్టీల్ ఒక పత్రిక పెట్టి దానికి 'టౌన్ టాక్' అనే పేరు పెట్టాడు. 1925లో న్యూయార్కులో మొదలైన 'ది న్యూయార్కర్' వారపత్రిక తన ముందు పుటల శీర్షికకు 'ది టాక్ ఆఫ్ ది టౌన్' అని పేరు పెట్టుకున్నది. ఆ శీర్షిక నేటికీ నడుస్తున్నది. 1958లో లండనులో ఆ పేరుతో ఒక రాత్రి వినోదశాల కూడా వెలిసింది. అంటే ఈ మాట పుట్టుకతోనే పట్నవాసపు మాట. కంచె లోపలివారి మాట. బయటివారు ఏమనుకున్నారో దానికి అక్కర లేదు.

దానికి అక్కర లేనిది మరొకటి ఉంది. ఆ మాట నిజమా కాదా అన్నది. టాక్ ఆఫ్ ది టౌన్ అన్నప్పుడు అందరూ అనుకుంటున్నారన్నంతవరకే చెప్పినట్టు. అనుకుంటున్నది నమ్మదగినదో కాదో ఆ పలుకుబడి చెప్పదు.

మన నుడికారం అలా ఊరుకోదు. ఊరి మాటకు మన భాష రెండు పిట్టలను ఇచ్చింది. "లోకులు పలు కాకులు" అన్నప్పుడు ఆ మాటలు ఒట్టి కావుకావులు, పట్టించుకోనక్కర లేదు. "లోకం కోడై కూస్తున్నది" అన్నప్పుడు మాత్రం వ్యవహారం వేరు. కోడి ఊరక కూయదు. తెల్లవారబోతున్నది గనుక కూస్తుంది. దాచినవాడు ఎంత దాచినా అప్పటికే బయట తెలతెలవారుతున్నదన్నమాట. అందుకే ఈ జాతీయాన్ని మనం హోటలు బాగుందని చెప్పడానికి వాడము, ఎవడో బుకాయిస్తున్నప్పుడు, "లోకమంతా కోడై కూస్తుంటే నీకు మాత్రం తెలియదా?" అని నిలదీయడానికి వాడుతాము. ఒకే లోకం, ఒకే నోరు. ఎప్పుడు కాకి, ఎప్పుడు కోడి? చరిత్ర రాసేవాడికి ఇంతకంటె పెద్ద చిక్కు లేదు. (తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ సంగతి వేరు. ఆమె వారసులు మనలోనూ ఉన్నారు.)

ఈ మాటలు వినపడే చోటుకు తెలుగులో పేరు రచ్చ. సంస్కృతంలో వీధి అని అర్థమిచ్చే రథ్య నుంచి వచ్చిందంటారు. చెట్టు కింద నలుగురూ కూడే చోటు రచ్చబండ. ఇంట గెలిచి గెలవవలసినది రచ్చ; పరువు పోతే ఎక్కేదీ రచ్చే. ఆంగ్లేయుల టౌను వలెనే కీర్తికీ అపకీర్తికీ ఒకటే గద్దె. అయితే వారిది కంచె లోపలిది, మనది వీధిలోది.

కడప జిల్లాలో ఊరి మాట చరిత్ర పుస్తకాలకెక్కిన ఉదంతాలు రెండు నాకు తెలుసు. రెండూ గండి దగ్గరివే కావడం చిత్రం. అయితే రెండు వేరువేరు గండ్లు: ఒకటి జమ్మలమడుగు దగ్గర పెన్న కోసిన గండి, గండికోటది, రెండవది పులివెందుల వైపున, వేంపల్లెకు దగ్గరలో పాపఘ్ని కోసిన గండి, ఆంజనేయస్వామిది.

మొదటిది 1652 నాటిది. గోలకొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా అప్పటికే గండికోటను పట్టుకున్నాడు. వజ్రాల వర్తకుడు తవెర్నియే అనే ఫ్రెంచివాడు ఆయనను వెతుక్కుంటూ అక్కడికి వచ్చాడు. 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఆయన రాసిన సంగతి ఇది. ఫిరంగులు పోత పోయించడానికి మీర్ జుమ్లా గుళ్ళలోని రాగి విగ్రహాలను తెప్పించాడు. మాయ్ అనే మరో ఫ్రెంచివాడికి ఆ పని అప్పగించాడు. ఇతర విగ్రహాలు కరిగాయి గాని, గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత నిప్పు పెట్టినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని నవాబు బెదిరించాడట. చివరికి ఒక్క ఫిరంగీ సరిగా తయారు కాలేదు. మాయ్ కొలువు వదిలి వెళ్ళిపోయాడు.

ఇది కోడా, కాకా? మాయ్ పనితనం ఏపాటిదో తవెర్నియే రాతలోనే తెలిసిపోతున్నది. కొలిమి చాలలేదన్నది నా అనుమానం. కానీ దేవుడు కరగలేదన్న మాట ఎవరికి అవసరమైందో చూడండి. పూజారులకు అవసరం, ఓడిన ఊరివారికి అవసరం, పని చేతకాని మాయ్‌కి అందరికంటె ఎక్కువ అవసరం. మంత్రం మీద నెపం పెట్టుకున్న నవాబుకూ పనికి వచ్చింది. ఒక మాట ఇందరికి పనికి వస్తే అది ఊరంతా పాకకుండా ఎలా ఉంటుంది?

రెండవ గండి మరింత చిక్కనిది. లంకకు పోయే దారిలోనో, వచ్చే దారిలోనో రాముడు అక్కడ ఆగాడనీ, ఆయన రాక కోసం వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడనీ స్థలపురాణం. ఆ తోరణం ఇప్పటికీ ఉందట. అందరికీ కనపడదు. మరణం దగ్గరపడిన పుణ్యాత్ములకు మాత్రమే కనపడుతుంది.

నిజాము 1800లో దత్తమండలాలను కుంఫిణీకి అప్పగించాక, థామస్ మన్రో ఏడేళ్ళపాటు ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నాడు. రైతుతో నేరుగా శిస్తు మాట్లాడే రైత్వారీ పద్ధతికి ఈ నేలమీదే బలమైన పునాది వేశాడు. తరువాత 1820లో మద్రాసు గవర్నరై, 1827లో పదవి విడిచి స్వదేశం వెళ్ళేముందు తన పాత సీమను చివరిసారి చూడాలని బయలుదేరాడు. ఆ ఏడు జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఇంతవరకు కాగితాల చరిత్ర.

ఊరి నోట ఉన్న చరిత్ర ఇలా సాగుతుంది: మన్రో గండి గుండా పోతూ తలెత్తి, ఎంత అందమైన తోరణం కట్టారు, ఎవరు కట్టారని అడిగాడు. వెంట ఉన్నవారు చూశారు, వారికి ఏమీ కనపడలేదు. అదిగో, బంగారంతో మెరుస్తున్నదే అన్నాడు. అప్పుడు వెంట ఉన్న ముసలి నౌకరు ఒకడు, అయ్యో, ఒక మహానుభావుడు త్వరలో పోనున్నాడని నిట్టూర్చాడు. ఆ మాట రచ్చ మీద ఆగలేదు. ఇంగ్లీషు దొరలు రాసిన మన్రో జీవిత కథలోకీ, జిల్లా గెజిటీరులోకీ ఎక్కింది.

దీనిలో లొసుగు పట్టడం కష్టమేమీ కాదు. కొందరు చెప్పేటట్టు కలెక్టరుగా ఉన్నప్పుడే చూశాడంటే, 'త్వరలో' అన్నదానికి ఇరవై ఏళ్ళు పట్టిందన్నమాట. గవర్నరుగా ఆఖరి యాత్రలో చూశాడంటే కథ అతుకుతుంది; బహుశా అతకడానికే అలా చెప్పుకుని ఉంటారు. అయినా నేను దీన్ని ఒట్టి కాకిగోల అనలేను. జరిగిన సంఘటనగా దీని విలువ ఎంత తక్కువో, ఆ కాలపు జనం మనసుకు సాక్ష్యంగా అంత ఎక్కువ. కుంఫిణీ కలెక్టరును, శిస్తు వసూలు చేసిన పరాయివాణ్ణి, పుణ్యాత్ముల జాబితాలో చేర్చుకోవాలని ఊరు నిశ్చయించుకుంది. ఆ నిశ్చయానికి ఏ దస్తావేజూ లేదు. తోరణమే దస్తావేజు. పైగా, పొగిడించుకున్నవారే దాన్ని సంతోషంగా అచ్చు వేసుకున్నారన్నది కూడా మరువరాదు. తిట్టిన మాటలు ఎన్ని గెజిటీరుకు ఎక్కకుండా గాలిలో కలిసిపోయాయో!

ఊరి మాటను పోగు చేయడంలో మన జిల్లాకు దక్కిన అదృష్టం తక్కువది కాదు. మన్రో కాలంలోనే కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల వద్ద ఉన్నవీ, పెద్దల నోట ఉన్నవీ రాయించుకున్నారు, అవే కైఫీయతులు. వాటిలో శాసనం పక్కన పుక్కిటి పురాణం, చెరువు లెక్క పక్కన దేవత శాపం ఉంటాయి. విసుగు పుడుతుంది గాని, అవి లేకపోతే ఎన్నో పల్లెలకు చరిత్రే లేదు. ఆ తరువాత 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌను. ప్రజల భాష నేర్చుకొమ్మని కుర్ర ఉద్యోగులకు హితవు చెప్పిన గవర్నరు ఇదే మన్రో. బ్రౌను వేమన పద్యాలు వెతికించాడు, కడపలో పండితులను కూర్చోబెట్టి ప్రతులు సరిచేయించాడు, 1852లో నిఘంటువు అచ్చు వేయించాడు. గ్రంథాలతో పాటు వాడుక మాటకూ అందులో పీట వేశాడు. ఇంగ్లీషువాడి 'టౌన్'లో చోటు దొరకని జనం మాట ఒక ఇంగ్లీషువాడి చేతనే పుస్తకానికి ఎక్కింది.

మళ్ళీ 'టాకబ్బా' దగ్గరకు వద్దాం. ఇంగ్లీషు నుంచి మనం ఆ మాటను తెచ్చుకుని ఊరుకోలేదు. హిట్ టాక్, డివైడ్ టాక్, మౌత్ టాక్ అని కొత్తవి కల్పించాము. మౌత్ టాక్ అన్నది ఇంగ్లీషువారి నోట వినపడేది కాదు. అది మన 'నోటి మాట'కు దొరసాని చీర కట్టినట్టుంది. ఇంకో తేడా. ఊర్లో టాక్ ఏమిటని అడిగేవాడు, సినిమా గురించి నలుగురూ మాట్లాడుకుంటున్నారా అని అడగడం లేదు. బాగుందా లేదా తేల్చి చెప్పమంటున్నాడు. తటస్థమైన ఇంగ్లీషు మాటకు మనం తీర్పు చెప్పే పని అప్పగించాము. కోడి మళ్ళీ వచ్చి చేరింది.

రచ్చ అనే మాట తలచుకుంటే 2009 సెప్టెంబరు 2 గుర్తుకు రాక మానదు. జమ్మలమడుగులో పుట్టి, అక్కడి మిషన్ ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేసి, పులివెందుల నుంచి రాజకీయాల్లోకి వెళ్ళిన వై.యస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఆ ఉదయం 'రచ్చబండ' అని పేరు పెట్టిన కార్యక్రమానికే హెలికాప్టరులో బయలుదేరారు. నల్లమల మీద ఆచూకీ తెగింది. మరునాటి ఉదయం దాకా ఏ మాట నిజమో ఎవరికీ తెలియదు. క్షేమంగా దిగారన్న మాట కూడా ఆ పగలు కొంతసేపు నడిచింది. ఆ మాటను కాకిగోల అని కొట్టివేసే మనసు ఆ రోజు సీమలో ఎవరికుంటుంది? రాజకీయంగా ఎటువైపు ఉన్నవారైనా సరే, ఆ రాత్రి అరుగుల మీద కూర్చున్నవారంతా మంచి మాట చెప్పేవాడి కోసమే చూశారు.

చిన్నప్పుడు శ్రావణ శనివారాలకు మా జేజి నన్ను గండికి తీసుకుపోయేది. ఏటి ఒడ్డున నడుస్తుండగా, కొండలు రెండూ దగ్గరికి వచ్చేచోట నా తలమీద చేయి వేసి గట్టిగా వంచేది. "పైకి జూడాకు నాయనా, నీళ్ళు జూడు." ఎందుకని అడిగితే మన్రో దొర కథ చెప్పేది. తారీఖుల లొసుగు తెలిసిన ఈ వయసులోనూ, ఆ చోటికి వస్తే నేను నీళ్ళ వంకే చూస్తాను.